అరవై నాలుగో వాసం

ఆ వేసవిలో అమ్మా నేనూ అబద్ధాలు ఆడటంలో ఆరితేరిపోయాం. నాన్న కళ్లజోడు ఎక్కడో పెట్టి ఇల్లంతా వెతుకుతుంటే, "తుడుద్దామని నేనే తీశాను నాన్నా" అనేదాన్ని. టీలో రెండోసారి పంచదార వేసుకుని మొహం చిట్లిస్తే, "ముందే నేను వేసేశానండీ, చెప్పడం మరిచిపోయాను" అనేది అమ్మ. మాట ఒక్కటే చాలదు, మొహం కూడా మారకూడదు. అమ్మ మొదట్లో తడబడేది. వారం తిరిగేసరికి నన్ను మించిపోయింది.

ఒకరోజు సాయంత్రం నాన్న కార్ఖానా నుంచి ఒట్టి కాళ్లతో నడిచొచ్చాడు. రోడ్డు ఇంకా పెనంలా కాలుతోంది. గుమ్మంలోకి వచ్చాక తన పాదాల వంక చూసుకుని అలాగే నిలబడిపోయాడు.

"నేనే వేసుకొచ్చేశాను నాన్నా. ఇందాక కార్ఖానాకి వచ్చినప్పుడు నా చెప్పు తెగిపోయింది," అన్నాను.

"నీ పాదాలకి నా చెప్పులా? రెండు పడవలేసుకుని నడిచినట్టుంటుంది కదే!"

నవ్వాడు. నేనూ నవ్వాను. ఆయన కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లగానే పరుగున పోయి, కార్ఖానా తలుపు పక్కన బుద్ధిగా విడిచి ఉన్న ఆ చెప్పులు తెచ్చి మా గుమ్మంలో పెట్టాను.

"ఆయనకి తెలియనివ్వకు," అంది అమ్మ వంటింట్లో, గొంతు తగ్గించి. "తన బుర్ర మీద తనకే నమ్మకం పోయిందంటే ఆ మనిషి ఇంక ఉలి పట్టడు. ఉలి పట్టకపోతే ఏమైపోతాడో నువ్వే చెప్పు."

నాన్న వడ్రంగి. పన్నెండేళ్లప్పుడు పట్టిన రంపం అరవై మూడేళ్లొచ్చినా దించలేదు. పని తెలిసినవాళ్లంతా ఆయన్ని వెంట్రుకవాసి మేస్త్రి అనేవాళ్లు. ఎవరైనా కొలత చెప్తూ "కొంచెం అటూ ఇటూ అయినా ఫర్వాలేదు" అన్నారంటే ఆయనకి ఒళ్లు మండేది. "అటా, ఇటా? రెండిట్లో ఒకటి చెప్పు" అనేవాడు. కార్ఖానాలో ఆయనకి తోడు మా బాబాయ్. నాన్న కోసింది బాబాయ్ నునుపు చేసేవాడు. నాన్న రోజుకి పది మాటలు మాట్లాడితే మిగతా మాటలన్నీ బాబాయే మాట్లాడేవాడు.

నాది ఒక డిజైన్ ఆఫీసులో ఉద్యోగం. నేను చేసేదీ ఒక రకంగా వడ్రంగమే, కాకపోతే తెర మీద. అక్కడ చిన్న చిన్న డబ్బాలుంటాయి. ఒక డబ్బా అంకెలిస్తుంది, ఇంకొకటి గీత గీస్తుంది, మరొకటి ఆ గీతని సమాన భాగాలు చేస్తుంది. డబ్బాకీ డబ్బాకీ మధ్య తీగలు కలుపుకుంటూ పోవాలి. అంతా కలిపాక, మొదట్లో ఉన్న ఒక్క అంకెని కాస్త జరిపితే చివర్లో ఉన్న పైకప్పు మొత్తం ఒళ్లు విరుచుకున్నట్టు కదులుతుంది. మొదటిసారి నాన్నకి చూపించినప్పుడు చాలాసేపు కన్నార్పకుండా చూశాడు.

"ఒక్క అంకె మారిస్తే అంతా మారిపోతుందా?"

"అంతా మారిపోతుంది నాన్నా. అదే దీని గొప్పతనం."

"గొప్పే," అన్నాడు. "మా దగ్గర మాత్రం ఒక్కసారి కోశాక ఎవడి తరమూ కాదు."

అయినా మా ఇద్దరికీ ఆ లెక్కల దగ్గరే బాగా కుదిరేది. ఆ వేసవి మొదట్లో ఒక ఆదివారం, ఏడుతో సరిగ్గా తెగని వెడల్పున్న ఒక చెక్కని ఏడు సమాన భాగాలు ఎలా చెయ్యాలో పందెం వేసుకున్నాం. నేను వెడల్పు కొలిచి ఏడుతో భాగించాను. దశాంశం తర్వాత అంకెలు రైలు పెట్టెల్లా వచ్చాయి. ఆయన భాగించనే లేదు. టేపుని చెక్క మీద ఏటవాలుగా, ఒక అంచున సున్నా, రెండో అంచున సరిగ్గా ముప్పై ఐదు పడేదాకా వాల్చాడు. అయిదు, పది, పదిహేను అని గుర్తులు పెట్టుకుంటూ పోయాడు. నేను ఆ వాలుని తెర మీద గీసి, గుర్తుల నుంచి గీతలు దించి చూశాను. ఏడూ సమానం.

"నీ డబ్బాల్లో ఈ డబ్బా ఉందా?" అన్నాడు.

"ఇప్పుడు పెట్టాను. దాని పేరు నాన్న."

ఆయన చెవుల దాకా నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ కళ్లకి కట్టినట్టుంది. బహుశా ఆ వేసవిలో నేను దాచుకోదగ్గది అదొక్కటే.

తర్వాత ఆఫీసుకి ఒక లైబ్రరీ పని వచ్చింది. చదువుకునే హాలుకి పైకప్పు కింద వంపు తిరిగిన చెక్క వాసాలు, ఈ గోడ నుంచి ఆ గోడకి, అలలాగా. మొత్తం అరవై నాలుగు. హాలు చతురస్రంగా లేదు, ఒక గోడ ఏటవాలు, అందుకని ఏ రెండు వాసాల పొడవూ ఒకటి కాదు. హాలు మధ్యదాకా పొడవు పెరుగుతూ, అక్కణ్ణుంచి తగ్గుతూ పోతుంది, పక్కపక్క వాసాలకి తేడా మహా అయితే రెండు వేళ్లు. ఇంత కచ్చితంగా కోయగలిగేవాళ్లు ఎవరున్నారని మా ఆఫీసు పెద్ద, మేడమ్, అడిగింది. నా నోటి నుంచి నాన్న మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు. "మా నాన్న కోస్తాడు మేడమ్," అన్నాను. ఆ పని ఆయనకి మందులా పనిచేస్తుందని నా ఆశ.

పొడవుల పట్టీ తయారుచెయ్యడం నా వంతు. వంపు గీత ఏటవాలు గోడని ఎక్కడ తాకుతుందో అక్కడ తెంపి, పొడవు కొలిచి, వరసగా అంకెలివ్వమని డబ్బాలు కలిపాను. ఆ సాఫ్ట్‌వేర్ వరసని ఒకటి నుంచి లెక్కపెట్టదు, సున్నా నుంచి మొదలుపెడుతుంది. కొత్తవాళ్లందరూ బోల్తా కొట్టేది అక్కడే. నేను కొట్టలేదు. జాగ్రత్తగా ఒకటి కలిపి, మొదటి వాసానికి ఒకటో నంబరే వేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

అంతలో ఒక డబ్బా నారింజ రంగుకి తిరిగింది. చూస్తే ఇరవై మూడో చోట వంపూ గోడా తాకీ తాకనట్టుండి లెక్క తెగలేదు. అక్కడ పొడవు రాలేదు, ఖాళీ వచ్చింది. ఆ ఖాళీ వల్ల తర్వాత డబ్బాలేవీ కదలడం లేదు. సరే, ముందు మిగతాది నడుస్తుందో లేదో చూద్దామని, ఖాళీలు ఏరిపారేసే డబ్బా ఒకటి మధ్యలో తాత్కాలికంగా పెట్టాను. ఇరవై మూడో పొడవు విడిగా లెక్కగట్టి, ఆ చోట పెట్టి, ఈ డబ్బా తీసెయ్యాలి. పావుగంట పని.

అప్పుడే అమ్మ ఫోన్ చేసింది. "నాన్న ఇంకా ఇంటికి రాలేదే. బాబాయ్ గంట క్రితమే పంపించేశాడట."

బ్యాగు కూడా తీసుకోకుండా పరుగెత్తాను. నాలుగు వీధులు తిరిగాక బస్టాపులో కనబడ్డాడు. ఎవరో పెద్దాయనతో తలుపులకి ఏ కలప మంచిదో మాట్లాడుతూ హాయిగా కూర్చున్నాడు. నా మొహం చూసి కంగారుపడ్డాడు. "ఏమైంది తల్లీ? ఎవరికైనా బాగాలేదా?"

"ఏం లేదు నాన్నా. నేనే నిన్ను ఇక్కడ ఆగమన్నాను కదా, కలిసి వెళ్దామని. ఆలస్యం చేశాను."

"అన్నావా?" అని ఒక క్షణం ఆలోచించి, "అవునవును," అన్నాడు.

మర్నాడు ఆఫీసుకి వెళ్లేసరికి తెర మీద ఎక్కడా నారింజ రంగు లేదు. అరవై నాలుగు నంబర్లు, వాటి పక్కన అరవై నాలుగు పొడవులు, ముత్యాల్లా ఉన్నాయి. పట్టీ అచ్చు తీసి నాన్నకిచ్చాను.

నాన్న పని చేసేటప్పుడు కాగితం దగ్గర ఉంచుకోడు. అది ఆయన పద్ధతి. ముందు రోజే కూర్చుని, సన్నటి పొడుగాటి కొలకర్రల మీద ఒక్కో పొడవూ పెన్సిల్‌తో గీసి, పక్కన నంబరు వేసుకుంటాడు. బాబాయ్ పట్టీ చదువుతాడు, నాన్న గీస్తాడు, బాబాయ్ మళ్లీ చదువుతాడు, నాన్న వేలితో సరిచూస్తాడు. ఆ తర్వాత కాగితంతో పని లేదు. బాబాయ్ దాన్ని బంక డబ్బా కింద పరిచేస్తాడు.

ఆ మూడు వారాలు నాన్న నాన్నలాగే ఉన్నాడు. పొద్దున్నే లేచి చెప్పులు వేసుకుని వెళ్లేవాడు, వేసుకునే వచ్చేవాడు. కళ్లజోడు జేబులోనే ఉండేది. అమ్మకీ నాకూ అబద్ధాలు ఆడే అవసరమే రాలేదు. ఒక సాయంత్రం కార్ఖానాకి వెళ్తే, నేల మీద చిత్రిక పొట్టు చీలమండల దాకా ఉంది. నాన్న ఒక వాసాన్ని భుజానికెత్తుకుని ఒక కన్ను మూసి అంచు చూస్తున్నాడు.

"మీ నాన్నకి పూనకం వచ్చిందే," అన్నాడు బాబాయ్. "నన్ను మాట్లాడనివ్వడం లేదు. మూడు వారాలుగా నా నోటికి తుప్పు పట్టింది."

"నువ్వు మాట్లాడితే చెక్క వంకర పోతుందిరా," అన్నాడు నాన్న.

బిగించే రోజు మేడమ్, సైటు ఇంజనీరు, నేను, నాన్న, బాబాయ్ అందరం హాల్లో ఉన్నాం. మొదటి వాసం గాడిలో పడ్డప్పుడు చిన్న చప్పుడైంది, పెట్టె మూత పడ్డట్టు. రెండు, మూడు, పది, ఇరవై. ఇరవై రెండో వాసం దాకా అదే చప్పుడు. సైటు ఇంజనీరు నా వంక చూసి బొటనవేలు ఎత్తాడు. నా మొహం వెలిగిపోయి ఉంటుంది.

ఇరవై మూడోది పట్టలేదు. రెండు వేళ్లు ఎక్కువ.

దించి పక్కన పెట్టి ఇరవై నాలుగోది ఎత్తారు. అదీ పట్టలేదు. ఇరవై ఐదు, ఇరవై ఆరు, ముప్పై. హాలు మధ్య దాటాక రెండు వేళ్లు తక్కువ పడటం మొదలైంది. ఒక్కో వాసం ఎక్కడం, దిగడం. అరవై మూడు దాకా అంతే. చివరికి అరవై నాలుగోది ఎత్తితే, అది మాత్రం చక్కగా పోయి కూర్చుంది. ఆ చప్పుడు విన్నప్పుడు అందరికీ ఇంకా ఇబ్బందిగా అనిపించింది.

"మొదట్లో బాగా చేశారు, చివర్లో బాగా చేశారు," అన్నాడు సైటు ఇంజనీరు, మెత్తగానే. "మధ్యలోనే ధ్యాస ఎటో పోయినట్టుంది."

నాన్న నా వైపు తిరిగాడు. "నీ లెక్క ఒకసారి చూడు తల్లీ."

అక్కడే కూర్చుని లాప్‌టాప్ తెరిచాను. డబ్బాలన్నీ బూడిద రంగులో ప్రశాంతంగా ఉన్నాయి. నంబర్లు అరవై నాలుగు, పొడవులు అరవై నాలుగు. "నా లెక్క సరిగ్గానే ఉంది నాన్నా," అన్నాను.

ఒక్క టేపు తీసుకుని, దించిన వాసాల్లో ఒక్కటంటే ఒక్కటి కొలిచి, నా పట్టీతో పోల్చి ఉంటే అప్పుడే తేలిపోయేది. నేను కొలవలేదు. ఎందుకు కొలవాలి? చెప్పులు మరిచిపోయిన మనిషి, బస్టాపులో కూర్చుండిపోయిన మనిషి. నాకు జవాబు ముందే తెలుసనుకున్నాను. కళ్లజోడుకీ పంచదారకీ బస్టాపుకీ "నేనే, నేనే" అని అడ్డం పడిన నోరు, నిజంగా నేనే చేసిన తప్పు దగ్గర మాత్రం పెగల్లేదు. అది ఆఫీసు పని, పక్కన మేడమ్ ఉంది. అంతే కారణం.

"అయితే నేనే," అన్నాడు నాన్న. "ఈమధ్య అంకెలు చేతిలోంచి జారిపోతున్నాయి. పని ఒప్పుకోకుండా ఉండాల్సింది."

"అన్నయ్యా, ఒక్కోటి రెండుసార్లు చదివాను కదా—" అని బాబాయ్ ఏదో అనబోయాడు. నాన్న చెయ్యెత్తి ఆపేశాడు.

మిగిలిన ఖాళీలకి అక్కడికక్కడే టేపు పెట్టి కొలుచుకుని, వేరే కార్ఖానా వాళ్లు కొత్త వాసాలు కోసి బిగించారు. పట్టీ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. వెనక్కి వచ్చిన నలభై ఒక్క వాసాల్ని నాన్న కార్ఖానాలో రంపం కింద పెట్టి మూరెడు ముక్కలుగా కోసేశాడు. ఒక్కడే కోశాడు. తప్పు వస్తువు కళ్లెదుట ఉండకూడదట. ఆ చప్పుడు వినలేక బాబాయ్ బయటికి వెళ్లిపోయాడని తర్వాత తెలిసింది. కోసేసి, ఉలులు తుడిచి, గుడ్డలో చుట్టి, తాళం వేసి, తాళంచెవి బాబాయ్ చేతిలో పెట్టాడు.

ఆ తర్వాత మా ఇంట్లో అబద్ధాలకి పని లేకుండా పోయింది. నాన్నే ముందుగా అడగడం మొదలుపెట్టాడు. "పంచదార వేసుకున్నానా?" "స్నానం అయిందా నాది?" "ఈ తలుపు గడియ ఏ వైపు తిరుగుతుంది?" ఆ తలుపు ఆయన చేసిందే. అమ్మ జవాబు చెప్పి పెరట్లోకి వెళ్లి కొంగుతో కళ్లొత్తుకునేది.

నాలుగు వారాల తర్వాత, తొలకరి పడిన రోజు, ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయికి వరసల సంగతి చెప్తున్నాను. "రెండు వరసలు జతపరిచినప్పుడు ఒకదాంట్లో అంకెలు తక్కువైతే ఇది ఎర్రబడదు, గొడవ చెయ్యదు. పొట్టి వరసలో చివరి అంకెనే మళ్లీ వాడేసుకుంటుంది. అందుకని చివరిది ఎప్పుడూ సరిగ్గానే..."

"సరిగ్గానే?" అంది ఆ అమ్మాయి.

నేను ఆమెని లేవమని, ఆ పాత ఫైలు తెరిచాను. ఖాళీలు ఏరిపారేసే డబ్బా అక్కడే ఉంది, నేను పెట్టిన చోటే. టికెట్ల వరసలో ఒకరు తప్పుకుంటే వెనకవాళ్లంతా ఒకడుగు ముందుకు జరిగినట్టు, ఇరవై నాలుగో పొడవు ఇరవై మూడో నంబరు పక్కకి వచ్చింది, ఇరవై ఐదోది ఇరవై నాలుగు పక్కకి, అలా చివరిదాకా. చివర అరవై నాలుగో నంబరుకి ఏమీ మిగలకపోతే, ఉన్న ఆఖరి పొడవునే మళ్లీ వేసింది. అందుకే అరవై నాలుగో వాసం ఒక్కటీ పట్టింది.

నాన్న నేనిచ్చిన అంకెల్ని తు.చ. తప్పకుండా కోశాడు. నలభై ఒక్కసార్లు వెంట్రుకవాసి తేడా లేకుండా కోశాడు. ఆ వేసవిలో మరిచిపోయింది నేను.

వానలో తడుచుకుంటూ ఇంటికి వెళ్లాను. నాన్న వసారాలో కుర్చీలో ఉన్నాడు. ఆయన మోకాళ్ల దగ్గర కూర్చుని మొత్తం చెప్పాను. ఖాళీ సంగతి, డబ్బా సంగతి, బస్టాపుకి పరుగెత్తుకొచ్చిన రోజు మరిచిపోయిన సంగతి. చెప్తున్నంతసేపూ ఏడుస్తూనే ఉన్నాను. ఆయన నా తల నిమురుతూ ఓపిగ్గా విన్నాడు.

"సరే తల్లీ. నువ్వే చేశావు. ఊరుకో."

"నిజంగా నేనే నాన్నా! ఒట్టు!"

"చెప్పులప్పుడూ ఇలాగే చెప్పావు," అన్నాడు మెల్లగా. "ఆ రోజు నువ్వు కార్ఖానాకి రానే లేదు. ఆ మాత్రం నాకు గుర్తుంది. నీకూ మీ అమ్మకీ నేనంటే ప్రాణం, తెలియదనుకున్నావా?"

అన్నీ తెలిసే "అవునవును" అన్నాడన్నమాట, మా తృప్తి కోసం.

లాప్‌టాప్ తెచ్చి ఆయన ఒళ్లో పెట్టినంత పని చేశాను. ఆ డబ్బా తీస్తే ఏమవుతుందో, పెడితే ఏమవుతుందో పదిసార్లు చూపించాను. అంకెలు జరగడం చూశాడు. తల ఊపాడు.

"ఒక్క అంకె మారిస్తే అంతా మారిపోతుందని నువ్వే అన్నావు కదమ్మా," అన్నాడు. "ఇది ఎట్లా కావాలంటే అట్లా చూపిస్తుంది."

మేడమ్‌కి చెప్పాను. ఆవిడ మంచి మనిషి, మర్నాడే స్వయంగా మా ఇంటికి వచ్చింది. నాన్న ఎదురుగా కూర్చుని, "తప్పు మా ఆఫీసుదండీ, మీది కాదు. క్షమించాలి," అని చెప్పింది. నాన్న మర్యాదగా లేచి నిలబడ్డాడు, టీ ఇప్పించాడు, వీధి దాకా సాగనంపాడు. తిరిగొచ్చి, "మీ మేడమ్ బంగారం. నువ్వడగ్గానే పని మానుకుని వచ్చింది," అన్నాడు.

ఆయన్ని తప్పుపట్టలేను. మేము ఆయనకి రెండు నెలలు నేర్పిన పాఠమే అది. తప్పు నాదని నేను అన్నానంటే, తప్పు ఆయనదని అర్థం.

పని మానేశాక మరుపు ఊపందుకుంది. అది ఎలాగూ వచ్చేదేనన్నాడు డాక్టరు. ఎలాగూ వచ్చేదే కావచ్చు. దానికి ఎదురెళ్లి, చెయ్యి పట్టుకుని ఇంట్లోకి తీసుకొచ్చి కుర్చీ వేసింది మాత్రం నేను. వానలు ముదిరేసరికి నాన్న ఉదయం ఏదో సాయంత్రం ఏదో పోల్చుకోలేని దశకి వచ్చాడు. కొన్ని రోజులు నన్ను మేనత్త పేరుతో పిలిచాడు. పలికాను.

బాబాయ్‌కి మాత్రం చాలా రోజులు చెప్పలేకపోయాను. ఆయన మొహం చూడాలంటే భయం. చివరికి ఒక మధ్యాహ్నం ఆయన ఇంటికి వెళ్లి, గుమ్మంలోనే నిలబడి చెప్పేశాను. ఆయన గడప మీద చతికిలబడ్డాడు.

"రెండుసార్లు చదివానే," అన్నాడు. "ఒక్కో అంకె రెండుసార్లు చదివాను. ఆయన వేలు పెట్టి చూసుకున్నాడు. నేను చెప్పబోతే ఆపేశాడు. నువ్వు కూడా నోరు మూసుకున్నావు."

"అవును బాబాయ్."

లోపలికి వెళ్లి, పెరట్లో బట్టలారేసుకునే చోట నుంచి ఒక పొడుగాటి చెక్క తీసుకొచ్చాడు. వాసం! వంపు తిరిగి, అంచులు నునుపుగా, చివర నాన్న పెన్సిల్ అంకె. ముప్పై ఏడు.

"ఆ రోజు అన్నీ కోసేస్తుంటే చూడలేక ఒకటి పట్టుకుని బయటికి వచ్చేశాను. ఇంత మంచి పని రంపం కింద పెట్టడానికి మనసొప్పలేదు. పారేయలేక బట్టలకి వాడుకుంటున్నా."

ఇద్దరం నేల మీద పరిచి టేపు పెట్టాం. టేపు బాబాయే పట్టుకుని చదివాడు. ముప్పై ఎనిమిదో వాసం ఉండాల్సిన పొడవు. రెండోసారి చదివాడు. వెంట్రుకవాసి తేడా లేదు.

"పద," అన్నాడు బాబాయ్. "తెర బొమ్మ కాదు ఇది, చెక్క. చెక్క చూస్తే నమ్ముతాడు."

దాన్ని చెరో చివరా పట్టుకుని, తడి వీధుల్లోంచి ఇంటికి మోసుకొచ్చాం. నాన్న వసారాలో వాన చూస్తూ కూర్చున్నాడు. అమ్మ ఆయన భుజాల చుట్టూ దుప్పటి కప్పుతోంది. మేం వాసాన్ని ఆయన ఒళ్లో అడ్డంగా పెట్టాం.

ఆయన చేతులు వాటంతటవే దాని మీదకి వెళ్లాయి. బొటనవేలు అంచు వెంబడి ఈ చివర నుంచి ఆ చివరకి నడిచింది. తర్వాత దాన్ని ఎత్తి, ఒక కన్ను మూసి, వంపు చూశాడు. ఎన్నో వారాల తర్వాత ఆ మొహంలోకి వెలుగొచ్చింది. బాబాయ్ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"ఎక్కడా గతుకు లేదు," అన్నాడు నాన్న. "ఎవరిదో గానీ మంచి చెయ్యి."

"నీదే నాన్నా," అన్నాను. "ఇది నువ్వు చేసిందే. కొలత కూడా తప్పలేదు."

ఆయన నా వంక చూశాడు. నన్ను పోల్చుకున్నాడు, అది మాత్రం ఖాయం. ఎందుకంటే నా చెంప మీద చెయ్యి వేసి, పాత నవ్వే నవ్వాడు.

"నువ్వెప్పుడూ ఇంతే తల్లీ. నేను బాధపడతానని ఏదో ఒకటి చెప్తావు."

వాసాన్ని జాగ్రత్తగా, ఎక్కడా గీత పడకుండా, మళ్లీ నా చేతుల్లో పెట్టాడు.

"తీసుకెళ్లి ఇచ్చెయ్యి. పాపం, చేసినవాడు దీనికోసం వెతుక్కుంటూ ఉంటాడు."